అడ్డం అంతోనయ్య కట్టిన గది

అంతోనయ్య ఏ రెండు వస్తువులనూ ఒకే వైపు పెట్టడు. అది ఆయన జబ్బు. చేతికి ఒకటి దొరికితే నిలువు పెడతాడు, రెండోది దొరికితే దాని మీద అడ్డం పెడతాడు. పొయ్యిలోకి తెచ్చిన కట్టెలు అంతే, పెట్టెలో మడిచిన పంచెలు అంతే, నాలుగు వేపపుల్లలు తెచ్చినా కిటికీలో రెండు ఇటు, రెండు అటు. ఇల్లందులో ఆయన్ని అడ్డం అంతోనయ్య అంటారు. ఆయన ఇంటిపేరు ఏమిటో రేషన్ కార్డుకు తప్ప ఎవరికీ తెలియదు.

మాట కూడా అడ్డమే. ఎండ మండిపోతోందని మీరంటే మబ్బు పట్టిందంటాడు. కూరలో ఉప్పు ఎక్కువైందని మీరంటే అసలు వెయ్యనే లేదంటాడు. ముప్పై నాలుగేళ్ల కిందట గుడిలో ఫాదర్ "ఈ సంపూర్ణను భార్యగా స్వీకరిస్తావా" అని అడిగితే "అవ్" అన్నాడు. సంపూర్ణకు తెలిసి ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు, అదే చివర. అప్పుడు కూడా కాసేపు ఆలోచించే అన్నాడని ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు.

ఈ జబ్బు బొగ్గుబాయిలో పట్టుకుంది. ముప్పై ఒక్క సంవత్సరాలు ఆయన బాయిలో టింబర్‌మ్యాన్. బొగ్గు తీసిన చోట పైకప్పు మనుషుల మీద పడకుండా దుంగలు పేర్చే పని అది. రెండు దుంగలు ఇటు, వాటి మీద రెండు అటు, మళ్లీ ఇటు, మళ్లీ అటు, కప్పు తగిలేదాకా. దాన్ని చాక్ అంటారు. అంతోనయ్య పేర్చిన చాక్ ఒక్కటీ ఒరగలేదు. ఉద్యోగం దిగిపోయే రోజున దండ వేసి, శాలువా కప్పి, గోడ గడియారం ఇచ్చి పంపారు. ఇంటికి వచ్చాక ఆయనకు నిలబెట్టడానికి కప్పు లేకుండా పోయింది. అందుకని ఇల్లంతా పేర్చడం మొదలుపెట్టాడు.

మొదటి వారంలోనే మంచాల మీద పడ్డాడు. సంపూర్ణ మంచం నిలువుగా ఉంచి తన మంచం దానికి అడ్డంగా వేశాడు. తెల్లారి లేచేసరికి ఆయన పాదాలు ఆమె ముక్కు దగ్గర ఉన్నాయి.

"ఏందయ్యా ఇది" అంది సంపూర్ణ.

"బలం" అన్నాడు అంతోనయ్య.

"మంచానికి బలమెందుకు? మనం దాని మీద పండుకునుడే గద, లారీ ఎక్కిస్తలేం గద."

"ఒక్కవైపే ఉంటే ఇల్లు ఒరుగుతది."

సంపూర్ణ చదువు రెండో తరగతి గడప దాటలేదు కానీ ఇల్లు ఎటు ఒరుగుతుందో ఆమెకు తెలుసు. మంచం లాగి దాని చోట దాన్ని పెట్టింది. మర్నాడు మళ్లీ అడ్డం. మూడు నెలలు ఆ మంచం అటూ ఇటూ నడిచి నడిచి ఒక కోడు పోగొట్టుకుంది. ఆ తర్వాత ఆయన చాప మీద పడుకున్నాడు. చాప అల్లికలోనే అడ్డం, నిలువు ఉన్నాయి కాబట్టి దాని జోలికి పోలేదు.

ఒక ఆదివారం పూజకు అందరికంటే ముందు వెళ్లి గుడిలో బల్లలన్నీ ఒకటి విడిచి ఒకటి అడ్డం తిప్పాడు. జనం వచ్చి, వేరే దారి లేక, ఒకరి మొహం ఒకరు చూస్తూ కూర్చున్నారు. ప్రసంగం అయ్యేదాకా ఒక్కరూ కునుకు తీయలేదు. ఎదుటివాడు చూస్తుంటే ఎట్లా తీస్తారు. ఫాదర్ ఆయన్ని మెచ్చుకుందామనే అనుకున్నారు. సంపూర్ణ వద్దంది. "మెచ్చుకుంటే గోడలు తిప్పుతడు ఫాదర్" అంది.

ఆ మాట నిజం కావడానికి రెండేళ్లు పట్టింది.

వాళ్లకు ఒక్కతే కూతురు, తబితా. మిషన్ వాళ్ల దగ్గర నర్సు. ములకలపల్లి దాటి అడవిలోకి పోతే, వాగు అవతల ఇప్పలగుంపు అని కోయవాళ్ల పల్లె ఒకటి ఉంది. ప్రతి గురువారం తబితా మందుల పెట్టెతో అక్కడికి వెళ్లి, నాలుగు కర్రలకు కట్టిన బరకం కింద కూర్చుంటుంది. సూది మందైనా, కట్టు కట్టడమైనా, పురిటికి ముందు పరీక్షైనా ఆ బరకం కిందే. గాలి వస్తే బరకం ఒకవైపు, మందుల చిట్టీలు ఒకవైపు.

గది కట్టలేదని కాదు. ఊరి పెద్ద పగిడయ్య తన చేలో జాగా ఇచ్చి, తన చేతుల మీదుగా రెండుసార్లు కట్టాడు. మొదట మట్టి గోడలు పెట్టాడు. మొదటి వానకు కరిగి వాగులో కలిసిపోయాయి. రెండోసారి ఇటుక. లారీ వాగు దాటదు కాబట్టి ఊరంతా నెత్తిన మోసి తెచ్చిన ఇటుక. కింద నల్లరేగడి. ఆ నేల ఎండకు నోరు తెరుస్తుంది, వానకు పొంగుతుంది. గోడ మూల నుంచి మూలకు చీలి, ఒక పొద్దున నింపాదిగా పక్కకు పడుకుంది. లోపల ఎవరూ లేరు, అది దేవుడి దయ.

ఆ తర్వాత ఊళ్లో కుర్రకారు ఒక హాస్యం పట్టుకున్నారు. ఆషాఢం వచ్చినా చినుకు పడకపోతే పగిడయ్య ఇంటి ముందు నిలబడి "పెద్దయ్యా, ఒక గది కట్టు, వాన పడ్తది" అనేవాళ్లు. పగిడయ్య నవ్వేవాడు. కొన్నాళ్లకు నవ్వడం మానేశాడు. మూడో గోడ మీద చెయ్యి పెట్టనని కొండకు దండం పెట్టి మరీ ఒట్టు వేసుకున్నాడు. ఆయన చెయ్యి పెట్టని పనికి ఆ ఊళ్లో ఎవరూ రారు.

అట్లా ఉండగా రెండు వేల ఏడులో, ఫిబ్రవరి నెలలో, మిషన్ ఆఫీసు నుంచి తబితాకు ఉత్తరం వచ్చింది. జూన్ పదిహేను లోపల ఇప్పలగుంపులో మందులు తాళం వేసి పెట్టుకునే పక్కా గది ఉంటే నర్సును అక్కడే రోజూ ఉంచుతారు. లేకపోతే ఆమెను ఏన్కూరు పంపిస్తారు, గురువారం కూడా రాదు. తబితా ఆ ఉత్తరం ఇంట్లో చదివి వినిపించింది.

"ఏన్కూరు మంచిదే గదనే. బస్సు దిగితే దవాఖానా" అంది సంపూర్ణ.

"నాకైతే మంచిదే అమ్మా. పోయిన వానాకాలం ఆ గుంపుల ద్వాలి అనే పిల్లకు కాన్పు కష్టమైతే మంచం మీద పెట్టి వాగు దాటించిన్రు. తల్లీబిడ్డా బతికిన్రంటే అది మా పెద్ద డాక్టరుకే అర్థం కాలే. ఈసారి కూడా గట్లనే అయితే?" అంది తబితా. "నేను ఆడనే ఉంట."

"ఉండొద్దు" అన్నాడు అంతోనయ్య.

"ఉంట నాయనా."

"ఒద్దు. ఏన్కూరు పో. ఆ గుంపుల గోడ నిలవదు."

మర్నాడు పొద్దున సంపూర్ణ లేచేసరికి ఆయన లేడు. కొలతల టేపు లేదు. అడిగితే, మొదటి బస్సుకే ములకలపల్లి టికెట్ తీసుకున్నాడని కండక్టరు చెప్పాడు.

సాయంత్రం తిరిగివచ్చి ఆయన తేల్చింది ఇది. మట్టి వద్దు, ఇటుక వద్దు. కట్టె గోడ. అది కూడా జామాయిల్ కట్టె.

ఆ మాట విని ఇల్లందులో నవ్వనివాడు పాపాత్ముడు. జామాయిల్ ఆ చుట్టుపక్కల రైతులంతా వేసే చెట్టు. కాగితం మిల్లుకు పోతుంది, పందిరి గుంజకు పోతుంది. పలకలు కోస్తే మాత్రం ఎండకు అప్పడంలా ముడుచుకుంటుంది. దానితో బల్ల చేయించినవాడు ఆ బల్ల మీద గ్లాసు నిలబెట్టలేడు.

"ఒక్కటే ఉంటే వంకర పోతది" అన్నాడు అంతోనయ్య. "దాని మీద అడ్డం ఇంకో వరస పెట్టి జిగురేసి మేకులు కొట్టు. మీద మళ్ల నిలువు వరస. అది వంగుదామంటే ఇది వంగనియ్యదు. ఇది వంగుదామంటే అది వంగనియ్యదు. నేల కదిలితే గది పెట్టె లెక్క మొత్తం కదులుతది. పలగదు."

"మన కాపురం లెక్కనే" అంది సంపూర్ణ.

"కాదు" అన్నాడు అంతోనయ్య.

సంపూర్ణ తమ్ముడి కొడుకు శాంతికుమార్ ఖమ్మంలో సివిల్ డిప్లొమా చేసి అక్కడే ఒక కాంట్రాక్టరు దగ్గర ఉన్నాడు. మేనత్తను చూడటానికి వచ్చినవాడు వాకిట్లో మూడు వరసలు కలిపి కొట్టిన చిన్న ముక్కను చూసి ఆగిపోయాడు. దాని మీద ఎక్కి నిలబడ్డాడు. ఎగిరాడు. దిగి తిప్పి చూశాడు.

"మామా, దీనికి పేరున్నది. క్రాస్ లామినేటెడ్ టింబర్ అంటరు. ఆస్ట్రియా దేశంల గిట్లనే పలకలు అడ్డం నిలువు అంటించి బడులు, ఆఫీసులు కడుతున్నరు. నెట్ సెంటర్ల చూసిన."

"వాళ్లు ఏ బాయిల పనిచేసిన్రు?"

"బాయి లేదు మామా. ఇంజినీర్లు."

"బాయి లేకుంటే వాళ్లకెట్ల తెలుస్తది?"

"లెక్కలేసి కనుక్కున్నరు."

"దీని పేరు చాక్" అని అంతోనయ్య ఆ ముక్కను తీసుకుని లోపలికి పోయాడు.

ఆ మాటలన్నీ ఉపదేశి జయరాజ్ విన్నాడు. అక్కడే ఇబ్బంది వచ్చింది. ఫాదర్ రాని రోజుల్లో ప్రార్థన చెప్పే మనిషి ఆయన. వంద కిలోలు ఉంటాడు, మంచివాడు, ఉత్తరాలు రాయడమంటే ప్రాణం. మిషన్ ఆఫీసు అనుమతి కోసం అర్జీ తానే రాస్తానన్నాడు. ఇప్పలగుంపులో మందుల గదిని నాలుగు వైపులా క్రాస్ గోడలతో కట్టదలచామనీ, ఆశీర్వదించి అనుమతి ఇప్పించగలరనీ రాశాడు.

ఎనిమిది రోజులకు జవాబు వచ్చింది. జయరాజ్ సంపూర్ణ ఇంటికి వచ్చి చదివాడు. "మీ భక్తికి సంతోషం. అయితే మందుల గదికి నాలుగు గోడలకూ సిలువలు అవసరం లేదు. గుమ్మం మీద ఒకటి చాలును."

జయరాజ్ మళ్లీ రాశాడు. క్రాస్ గోడ మీద ఉండదనీ, గోడ లోపల ఉంటుందనీ, బయటికి కనిపించదనీ. దానికి జవాబు తొందరగానే వచ్చింది. "సిలువను గోడలో దాచవలసిన పరిస్థితి అక్కడ ఏమి వచ్చినది? ఎవరైనా బెదిరించినారా? వెంటనే తెలుపగలరు."

"దాచుట కాదు, బలము కొరకు" అని జయరాజ్ మూడోసారి రాశాడు.

"విశ్వాసులకు సిలువయే బలము, సందేహం లేదు. గోడకు మాత్రం సిమెంటు వాడగలరు" అని వచ్చింది.

"ఇంక రాయకు జయరాజూ" అంది సంపూర్ణ. "నువ్వు నాలుగోది రాస్తే పోలీసులు వస్తరు."

జయరాజ్ రాయకుండా ఉండలేకపోయాడు. పోలీసులు రాలేదు కానీ, జూన్ పన్నెండున ఒక ఫాదర్ స్వయంగా వచ్చి ఆ సిలువల సంగతి చూస్తారని కబురు వచ్చింది.

ములకలపల్లి రైతు ఒకాయన తన జామాయిల్ తోట నరికి కాగితం మిల్లుకు పంపుతూ, కూతురి జ్వరం తగ్గించిన నర్సమ్మ కోసం ఒక ట్రాక్టరు కట్టె పక్కన పెట్టాడు. సామిల్లులో అంగుళం మందాన కోశారు. మార్చి, ఏప్రిల్ రెండు నెలలూ ఆ పలకలు ఇప్పలగుంపులో అడ్డం నిలువు దొంతర్లుగా గాలికి ఎండాయి. మే నెల మొదట్లో అంతోనయ్య సంపూర్ణతో, జయరాజ్‌తో సహా గుంపులోనే మకాం పెట్టి పని మొదలుపెట్టాడు. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు, మూడు వరసల మందం. వాటికి ఆయన చాపలని పేరు పెట్టాడు. గదికి పద్నాలుగు చాపలు కావాలి.

జిగురు పట్టేదాకా చాప మీద బరువు పెట్టాలి. బాయిలో అయితే జాకీలుంటాయి. ఇక్కడ ఏముంది? ఆ సంగతి సంపూర్ణ తేల్చింది. మే నెల మరియమాత నెల కాబట్టి సాయంత్రాలు ఎట్లాగూ జపమాల ఉంటుంది. ఆ జపమాల చాప మీద కూర్చుని చెప్పుకుంటే సరిపోతుంది. మొదట జయరాజ్‌ను మధ్యలో కూర్చోబెట్టింది. మూలలకు నలుగురు ఆడవాళ్లు. పాటలు బాగున్నాయని గుంపులో మిగతా ఆడవాళ్లూ పిల్లలూ వచ్చి ఎక్కారు. మరియమాత ఎవరో తెలియనివాళ్లు కూడా ఒళ్లు బరువుగా ఉంటే చాలు, పనికి వచ్చారు. జపమాల అయ్యాక లేవబోతే అంతోనయ్య ఊరుకోలేదు.

"ఇంకోటి చెప్పున్రి."

"ఒకటి చాలదా అయ్యా?" అంది సంపూర్ణ.

"జిగురు పచ్చిగున్నది."

రోజుకు రెండు జపమాలలు చొప్పున, వాటి పైన రాళ్లు పెట్టి తెల్లారేదాకా వదిలేస్తూ, రెండు వారాల్లో నాలుగు చాపలయ్యాయి. అంత భక్తి ఆ ప్రాంతంలో అంతకుముందు లేదని జయరాజ్ ఒక ఉత్తరం రాశాడు.

నాలుగంటే నాలుగే. ఇంకా పది కావాలి, ఇంకా నాలుగు వారాలు కూడా లేవు. పైగా ఒక్కో చాప నూటయాభై కిలోలు. నిలబెట్టాలంటే పదిమంది మగవాళ్లు కావాలి. ఊళ్లో మగవాళ్లు వచ్చి చూస్తున్నారు, బీడీ కాలుస్తున్నారు, పోతున్నారు. పగిడయ్య మంచం చెట్టు కింద వేసుకుని, పనికి వీపు పెట్టి కూర్చుంటున్నాడు. వీపు పెట్టాడు కానీ మెడ తిప్పకుండా ఉండలేడు. తిప్పి చూస్తాడు, మళ్లీ వీపు పెడతాడు.

తబితా వెళ్లి ఆయన మంచం పక్కన కూర్చుంది.

"పెద్దయ్యా, నువ్వొచ్చి ఒక్కసారి చెయ్యేస్తే అందరొస్తరు."

"నా చెయ్యి మంచిది కాదు నర్సమ్మా. రెండు గోడలు పండవెట్టిన చెయ్యి."

"అది నేల తప్పు, నీది కాదు."

"నేలనెవరంటరు బిడ్డా. నన్నే అంటరు. ఇదీ పడితే నిన్ను కూడా అంటరు. ఏన్కూరు పో."

అంతోనయ్య పది గజాల దూరంలో జిగురు కలుపుతున్నాడు. వింటున్నట్టు కనిపించలేదు. తబితా కళ్లు తుడుచుకోవడం సంపూర్ణ చూసింది. వెళ్లి పగిడయ్యను నాలుగు దులుపుదామని లేచింది కూడా. అంతోనయ్య అడ్డం వచ్చాడు.

"కూసో" అన్నాడు.

మర్నాడు ఎండ ఎక్కువగా ఉందని అంతోనయ్య పనిని చెట్టు నీడకు మార్చాడు. ఎండ రోజూ అంతే ఉంది. పగిడయ్య మంచానికి మూడు బారల దూరంలో కింద దుంగలు పరిచి, ఐదో చాపకు మొదటి వరస నిలువు పేర్చాడు. జిగురు పూశాడు. రెండో వరస పలకలు ఒక్కొక్కటే తీసి పేర్చడం మొదలుపెట్టాడు. సంపూర్ణ మంచినీళ్ల బిందె దింపుకుంటోంది, ఆమె ధ్యాస అక్కడ లేదు.

పగిడయ్య మెడ తిప్పాడు. మళ్లీ వీపు పెట్టాడు. మళ్లీ తిప్పాడు. మంచం కిర్రుమంది.

"ఓ అంతోనయ్యా."

"ఏంది?"

"ఆ పలకలు ఎట్ల పెడ్తున్నవ్?"

"అడ్డం పెడ్తున్న."

"అడ్డమేడిది? కింద నిలువు, మీద నిలువు. రెండు వరసలు ఒక్కతీరుగ పోతున్నయ్ చూడు."

"లేదు."

"లేదంటవేందయ్యా, పదిహేను రోజుల సంది చూస్తున్న. ఇది ఎండితే వంగుతది. గోడ పోతది."

అంతోనయ్య వంగాడు. పలక మీద చెయ్యి పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమాడు. లేచి నిలబడ్డాడు.

"అవ్" అన్నాడు.

సంపూర్ణ బిందె సగం దింపి అట్లాగే ఉండిపోయింది. ఆయన తప్పు చేశాడని కాదు. తప్పు ఎవరైనా చేస్తారు. ఆ మాట అన్నాడు. ముప్పై నాలుగేళ్ల తర్వాత, ఒక కోయదొర అడిగితే, ఆలోచించకుండా అన్నాడు. ఈ మనిషికి ఏదో అయిందని ఆమెకు ఆ క్షణాన అర్థమైంది.

"కండ్లు మసకలైనయ్ పగిడన్నా" అన్నాడు అంతోనయ్య. "అడ్డమేదో నిలువేదో తెలుస్తలేదు. నువ్వు చూసి చెప్పకుంటే ఇది నాతోని కాదు. పలకలు కప్పేసి ఇంటికి పోత."

పగిడయ్య మంచం మీద నుంచి లేచాడు. కాసేపు కొండ వైపు చూశాడు. దండం పెట్టి, పెదవులు కదిపి ఏదో చెప్పుకున్నాడు. ఏం చెప్పుకున్నాడో మనకనవసరం. తర్వాత వచ్చి ఆ రెండో వరస పలకలన్నీ పీకి, అడ్డం తిప్పి పేర్చాడు. పేర్చి, బీడీ కాలుస్తున్న కుర్రవాళ్ల వైపు తిరిగాడు.

"ఏంరా, ముసలాయనకు కండ్లు లేవు, మీకు చేతులు లేవా?"

అప్పటి నుంచి ఆ పనికి మేస్త్రీ పగిడయ్య. పొద్దున అందరికంటే ముందు వచ్చేవాడు. ప్రతి పలక మీద వంగి చూసేవాడు. ఎవరి మేకు వంకర పోయినా తిట్టేవాడు, అందరికంటే ఎక్కువ అంతోనయ్యను తిట్టేవాడు. "నీకేం కనవడ్తది, జరుగు" అనేవాడు. అంతోనయ్య జరిగేవాడు. భర్త జరగడం సంపూర్ణ చూస్తూ ఉండేది. ఆమెకు అన్నం సయించేది కాదు. రాత్రి మకాంలో "కూరల ఉప్పెక్కువైందా" అని పరీక్షకు అడిగేది. "అసలు లేదు" అనేవాడు. తన దగ్గర బాగానే ఉన్నాడు, పగిడయ్య ముందే చెడిపోతున్నాడు.

జూన్ ఎనిమిదికి పద్నాలుగు చాపలూ అయ్యాయి. రాతి దిమ్మలు పరిచి, చెద పట్టకుండా చాపల అడుగుకు డాంబర్ పూసి, ఊరు ఊరంతా పట్టి ఒక్క రోజులో నిలబెట్టారు. పైన రేకులు వేశారు. గోడ తడవకుండా చూరు మూడడుగులు బయటికి వదిలారు. జయరాజ్ లోపల నిలబడి గోడకు వీపు ఆనించి నెట్టాడు. వంద కిలోలూ పెట్టి నెట్టాడు. గోడ ఆయన్నే వెనక్కి నెట్టింది.

పన్నెండో తేదీన ఫాదర్ మోటారు సైకిల్ మీద వచ్చారు. ఆయనతో పాటు వాన కూడా వచ్చింది. ఆయన తడిసిన చెప్పులతో గదిలోకి వచ్చి నాలుగు గోడలూ చూశారు.

"సిలువలు ఎక్కడ?" అన్నారు.

పగిడయ్య ఆయన్ని గుమ్మం దగ్గరికి తీసుకుపోయాడు. గుమ్మం కోసం కోసిన చోట గోడ మందం కనిపిస్తుంది. నిలువు పలక, అడ్డం పలక, మళ్లీ నిలువు పలక.

"ఇదే సామీ క్రాస్. పద్నాలుగింట్ల ఉన్నది. ఒక్కదాంట్ల తప్పు పోయింది, నేనే పట్టుకున్న."

వాగు పొంగింది. ఫాదర్ మూడు గంటల సేపు ఆ గదిలోనే ఉండవలసి వచ్చింది. బయట నేల ఉబ్బి, పాత ఇటుక గోడ పునాదిలో మిగిలిన నాలుగు ఇటుకలు కూడా విడిపోయాయి. గదిలో ఒక్క అతుకు కిర్రుమనలేదు. వాగు తగ్గాక ఆయన అక్కడే కాగితం తీసి రాసి తబితా చేతికి ఇచ్చారు. గది పక్కాగా ఉంది, మందులకు తాళం ఉంది, నర్సు ఇక్కడే ఉండవలెను. కింద ఇంకో ముక్క రాశారు. "సిలువలు సవ్యంగా ఉన్నవి."

తబితా ఆ కాగితం రెండుసార్లు చదివింది. ఏన్కూరు వెళ్లాల్సిన పెట్టె విప్పి, బట్టలు తీసి, అందులో మందులు సర్దింది.

కూతురి సంగతి తేలింది. సంపూర్ణకు మొగుడి సంగతి మిగిలింది.

జూలైలో ఆ గదిలోనే మొదటి కళ్ల క్యాంపు పెట్టారు. కొత్తగూడెం నుంచి డాక్టరు వచ్చాడు. సంపూర్ణ మొగుణ్ణి రెక్క పట్టుకుని తీసుకువచ్చి ముందు వరసలో కూర్చోబెట్టింది. ఆయన రానన్నాడు, కాబట్టి రావడం ఖాయమని ఆమెకు తెలుసు. డాక్టరు ఒక కన్ను మూసి చదివించాడు, రెండో కన్ను మూసి చదివించాడు. దీపం వేసి చూశాడు. అట్ట మీద చిట్టచివరి వరస, చీమల్లా ఉండే అక్షరాలు, అంతోనయ్య ఆగకుండా చదివేశాడు.

"అమ్మా, ఈయన చూపు నా చూపు కంటే బాగుంది" అన్నాడు డాక్టరు.

"బాగుండుడేంది సారూ? పలక కనవడలే. ఇంత పొడుగు పలక. ఎనిమిదడుగులది."

"ఎనిమిదడుగుల పలకేమిటమ్మా, ఆయనకు దాని మీద పాకే చీమ కూడా కనిపిస్తుంది."

సంపూర్ణ మొగుడి వైపు చూసింది. అంతోనయ్య రేకుల వైపు చూస్తున్నాడు. బయట చూరు కింద వరసలో నిలబడ్డ జనానికి పగిడయ్య చెబుతున్న మాటలు కిటికీలోంచి వినిపిస్తున్నాయి. తాను చూడకపోతే ఆ గోడ ఏమయ్యేదో, తన కన్ను ఎట్లాంటిదో చెబుతున్నాడు. కుర్రవాళ్లు వింటున్నారు. ఎవరూ వాన గురించి అడగడం లేదు. "పాపం, మంచి పనోడే" అంటున్నాడు పగిడయ్య, "కండ్లు లేవు గాని. నేను లేకుంటే ఏమైతుండెనో."

ముప్పై ఒక్క ఏళ్లు చీకటి బాయిలో, తల మీద దీపంతో, ఒక్క దుంగ తప్పు పేర్చని మనిషి. పట్టపగలు, చెట్టు కింద, రెండు వరసలు ఒకేవైపు.

"కావాల్ననే పెట్టినవా?" అంది సంపూర్ణ మెల్లగా.

"కాదు" అన్నాడు అంతోనయ్య.

ఆ మనిషి నోట 'కాదు' అంటే ఏమిటో సంపూర్ణకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. ఆమె కొంగుతో మూతి తుడుచుకుని డాక్టరు వైపు తిరిగింది.

"సారూ, ఏవో ఒక అద్దాలు ఇయ్యి."

"అవసరం లేదమ్మా ఈయనకు."

"ఉన్నది సారూ. ఈయనకు కాదు."

డాక్టరుకు ఏమీ అర్థం కాలేదు కానీ వరసలో ఇంకా అరవై మంది ఉన్నారు. పెట్టెలో వెతికి నంబరు లేని అద్దాలు ఒక జత తీసి ఇచ్చాడు. సంపూర్ణ వాటిని మొగుడి ముక్కు మీద పెట్టి, రెక్క పట్టుకుని బయటికి తెచ్చింది.

పగిడయ్య ఎదురొచ్చాడు. "ఏమన్నడమ్మా డాక్టరు?"

"చానా ఆలిస్యం చేసిన్రన్నడు పగిడన్నా" అంది సంపూర్ణ. "అద్దాలిచ్చిండు గాని వాటితోని గూడ అంతంతమాత్రమేనంట. ఇంకనుంచి నువ్వు పక్కన లేకుండ పలక ముట్టొద్దన్నడు."

"నేనప్పుడే చెప్పిన" అన్నాడు పగిడయ్య, అందరికీ వినబడేట్టు. "ఏం అంతోనయ్యా, ఇప్పుడన్న కనవడ్తున్నదా?"

"మసక మసక" అన్నాడు అంతోనయ్య. అని, రెండు చేతులూ ముందుకు చాచి, వెడల్పాటి దారి మధ్యలో లేని గుంజ కోసం వెతుక్కుంటూ రెండడుగులు వేశాడు.

సంపూర్ణ ఆయన నడుం మీద గిల్లింది.

"గంత అక్కర్లేదు" అంది. "నడువు."